భూమిలో దొరకని లోహము

భాద్రపద శుద్ధ చవితినాడు స్యమంతకోపాఖ్యానము వినబడని ఇల్లు తెలుగునాట అరుదు. అక్షతలు చేతబట్టుకొని కథ వినెడి చిన్నవారికి సయితము ఆ మణి మహిమ కంఠపాఠమే. సూర్యుడు దానిని సత్రాజిత్తునకు ప్రసాదించెను. అది దినదినమును ఎనిమిది బారువుల బంగారమును ఈనుచుండెడిది. అది పూజలందుకొను చోట కరవు కాటకములు దరి చేరవు. ఇనుమును తాకినంతనే బంగారముగా మార్చు పరుసవేదిని గూర్చియు మన పెద్దలు వింతవింతలుగా చెప్పుకొనిరి. భూమి తనంత తానిచ్చిన రాగి, ఇనుము, వెండి, బంగారములతో మానవుని మనస్సు ఏనాడును తనివి చెందలేదు. వానిని మించిన ద్రవ్యమొకటి ఏ కొండగర్భమందో దాగియున్నదని అతడు ఊహించుచునే వచ్చెను.

ఈ ఊహ మన దేశమునకే పరిమితము కాదు. క్రీ. పూ. 4వ శతాబ్దిలో గ్రీకు తత్త్వవేత్త ప్లేటో 'క్రిటియాస్' అను సంవాదమున అట్లాంటిస్ ద్వీపమును వర్ణించెను. ఆ ద్వీపపు గనులలో ఒరికాల్కమ్ అను లోహము దొరకెడిదనియు, విలువలో అది బంగారమునకు మాత్రమే తీసిపోవుననియు, నగరదుర్గము దాని తాపడముచే ఎఱ్ఱని కాంతితో మెఱయుచుండెడిదనియు వ్రాసెను. తన కాలమునకు దాని పేరు మాత్రమే మిగిలినదని కూడ చెప్పెను.

ఇరువదవ శతాబ్దిలో ఈ వరుసను చేరిన లోహము మిథ్రిల్. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాచార్యుడు జె. ఆర్. ఆర్. టోల్కీన్ తాను కల్పించిన 'మధ్యభూమి' అను లోకమున దీనికి గనిని, చరిత్రను, ధరను కూడ ఏర్పరచెను. అతని నవలలు చదివిన విద్యార్థులకు మిథ్రిల్ పేరు వెండి బంగారముల పేర్లవలెనే పరిచితము.

ఇచ్చట రసాయనశాస్త్రోపాధ్యాయుడొకడు అడ్డుతగిలి, "ఉన్న లోహముల గుణములే గుర్తుండని పిల్లలకు లేని లోహపు గొడవ యెందుకు?" అని అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. అద్భుతకథలు చదువుట కాలము వృథా చేయుటయా, కాదా అను సందేహము పాఠశాలలలో ఎప్పుడును ఉన్నదే. ఆ సందేహమునకు మిథ్రిల్ కథలోనే మంచి సమాధానము దొరకుచున్నది. ఆ లోహమెట్లు పుట్టినదో, ఎవరిని బ్రతికించినదో, ఎవరిని చంపినదో తెలిసికొన్న పిదప పాఠకులే తీర్పు చెప్పవచ్చును.

నిఘంటువునుండి గనిలోనికి

టోల్కీన్ 1892 జనవరి 3వ తేదీన నేటి దక్షిణాఫ్రికాలోని బ్లూంఫోంటేన్ పట్టణమున జన్మించెను. నాలుగేండ్ల ప్రాయమున తండ్రిని, పండ్రెండేండ్ల ప్రాయమున తల్లిని కోల్పోయెను. ఇంగ్లండులో పెరిగి, ఆక్స్‌ఫర్డున విద్య ముగించి, 1916లో ఫ్రాన్సునందలి సోమ్ యుద్ధరంగమున సైనికోద్యోగిగా నిలిచెను. యుద్ధానంతరము కొంతకాలము ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటు కార్యాలయమున పదవ్యుత్పత్తులను పరిశోధించెను. 1925 మొదలు 1945 వరకు ప్రాచీనాంగ్ల భాషకును, 1945 మొదలు 1959 వరకు ఆంగ్లభాషా సాహిత్యములకును ఆక్స్‌ఫర్డున ఆచార్యుడుగా నుండెను. 1973 సెప్టెంబరు 2వ తేదీన కీర్తిశేషుడయ్యెను.

ఇతని కల్పనలకు మూలము కథ కాదు, భాష. కొత్త భాషలను నిర్మించుట ఇతనికి చిన్ననాటి వ్యసనము. ధాతువులు, వ్యాకరణము, ధ్వనిపరిణామములు గల భాషలను కల్పించి, వానిని మాటలాడు జాతులను, ఆ జాతుల చరిత్రను, వారు నివసించు నదీపర్వతములను క్రమముగా సృష్టించెను. మిథ్రిల్ అను మాటయు ఇట్లు పుట్టినదే. సిందారిన్ అను అతని కల్పిత భాషలో 'మిథ్' అనగా బూడిదవన్నె, 'రిల్' అనగా తళుకు. ఇది ఎల్ఫ్ అను దివ్యజాతి పెట్టిన పేరు. మనుష్యులు దానిని మోరియా వెండి యనియు, నిజమైన వెండి యనియు పిలిచిరి. దానిని త్రవ్వి తీసిన మరుగుజ్జుల జాతికి మాత్రము తమ సొంత పేరు వేఱొకటి కలదు; దానిని వారు పరుల యెదుట పలుకరు. త్రవ్వినవానికి ఒక రహస్యము, కొన్నవానికి ఒక అందమైన పేరు! లోకపు వర్తకరీతిని ఎఱిగినవాడే ఇట్లు వ్రాయగలడు.

చిత్రమేమనగా, 1937లో వెలువడిన 'ది హాబిట్' మొదటి ముద్రణమున ఈ పేరే లేదు. అందు కథానాయకుడైన బిల్బోకు లభించిన కవచము వెండిపూత గల ఉక్కుతో చేసినదని మాత్రమే యుండెను. 1954-55 సంవత్సరములలో 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడు సంపుటములుగా వెలువడునప్పటికి ఆ ఉక్కు మిథ్రిల్‌గా మారెను. 1966 నాటి సవరించిన ముద్రణమున 'ది హాబిట్' లోను ఆ పేరు చేరెను. పిల్లల కథలోని ఒక చిన్న వస్తువు, రచయిత లోకము విస్తరించిన కొలది, తనకొక జన్మస్థానమును సంపాదించుకొన్నది.

గుణపరీక్ష

మిథ్రిల్ గుణములను టోల్కీన్ గాండాల్ఫ్ అను వృద్ధ మాంత్రికుని నోట చెప్పించెను. దానిని రాగివలె సాగగొట్టవచ్చును. అద్దమువలె మెఱుగు పెట్టవచ్చును. మరుగుజ్జు కమ్మరులు దానితో చేయు లోహము తేలికయైనది, అయినను పదును పట్టిన ఉక్కుకన్న కఠినమైనది. సొగసులో అది వెండిని పోలును గాని, వెండివలె ఏండ్లు గడచిన కొలది నలుపెక్కదు. ఎల్ఫ్ జాతివారు దానినుండి ఇథిల్దిన్ అను పదార్థమును చేసిరి. దానితో గీసిన గీతలు పగటివేళ కనబడవు. వెన్నెలయందును నక్షత్రకాంతియందును మాత్రమే గోచరించును. మోరియా నగరపు పడమటి ద్వారముపై అట్టి గీతలే యుండెను.

ఈ గుణములను మన తరగతి గదిలోని లోహములతో పోల్చి చూడుడు. బంగారము మాసిపోదు, కాని నీటికన్న 19 రెట్లు బరువైనది, మెత్తనిది. వెండి తళుకు గొప్పదే. కాని గాలిలోని గంధక సమ్మేళనములు సోకి నల్లబడును. ఇనుము కఠినమే, కాని తుప్పు పట్టును, నీటికన్న దాదాపు 8 రెట్లు బరువు. అల్యూమినియమ్ 2.7 రెట్లే బరువు. కాని శుద్ధరూపమున మెత్తనిది. టైటానియమ్ బరువు 4.5 రెట్లు, బలమైనది, తుప్పు ఎఱుగనిది, కాని ఖనిజమునుండి దానిని వేఱుచేయుట కష్టము, మామూలు కొలిమిలో దానితో పని చేయుట ఇంకను కష్టము. మన శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరపు నల్లని ఇసుకలో టైటానియమ్ ఖనిజమైన ఇల్మెనైట్ కలదని చదువరులు ఎఱుగుదురు. ఇసుకలో ఖనిజమున్నంత మాత్రమున లోహము చేతికి వచ్చినట్లు కాదు.

తేలిక, కాఠిన్యము, సాగు గుణము, తరుగని కాంతి ఇవన్నియు ఒక్కచో చేరిన లోహము ప్రకృతిలో లేదు. అయినను వీనిలో ఏ యొక్క గుణమును లోహధర్మమునకు విరుద్ధము కాదు. ఒక్కొక్క లోహమునందును మానవుడు కోరి పొందలేకపోయిన దానిని ఏరి కూర్చినచో మిథ్రిల్ అగును. లోహములతో వేలయేండ్లు కాపురము చేసిన మనుష్యజాతి కోరికల పట్టిక యది.

మణికిని లోహమునకును భేదము

స్యమంతకమునకును మిథ్రిల్‌కును గల భేదము ఇచ్చట స్పష్టమగును. స్యమంతకము ఫలించుటకు మానవుని శ్రమ అక్కరలేదు. శుచిగా పూజించిన చాలును, బంగారమిచ్చును. పరుసవేదికి ఆ పూజయు వలదు, తాకించిన చాలును. మిథ్రిల్ మాత్రము తనంత తాను ఏమియు చేయదు. బంగారము ఈనదు, వ్యాధి మాన్పదు, ధరించినవానిని అదృశ్యుని చేయదు. గనిలో నున్నంతవరకు అదియొక రాయి. త్రవ్వువాడు, కరగించువాడు, తీగ తీసి కడియలు అల్లువాడు ఉన్నప్పుడే అది కవచమగును. దాని మహిమలో సగపాలు భూమిది, సగపాలు కమ్మరిది.

కమ్మరి చేతిలో లోహము మహిమ పొందుట చరిత్రలోను జరిగినదే. డమాస్కస్ ఖడ్గములని పేరొందిన కత్తులపై నీటి అలలవంటి చారలుండెడివి. వాని పదును గూర్చి దేశదేశములందు అద్భుతములు చెప్పుకొనిరి. ఆ కత్తులకు మూలద్రవ్యమైన మూస ఉక్కు దక్షిణభారతమునుండియు ఎగుమతి యయ్యెడిది. నేటి తెలంగాణమున నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము అట్టి ఉక్కునకు పేరుగాంచిన గ్రామము. పారశీక వర్తకులు అచ్చటికి వచ్చి ఉక్కు ముద్దలను కొనిపోయెడివారు. పాశ్చాత్యులు దానిని 'వూట్జ్' అనిరి. అది మన 'ఉక్కు' శబ్దము యొక్క వికృతి యని పలువురు పండితుల అభిప్రాయము. 1820 ప్రాంతమున మహాశాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే ఇంగ్లండులో ఆ ఉక్కును పరీక్షించి, దాని రహస్యమును ఛేదింప యత్నించెను. ఖనిజమునందు స్వల్పముగా కలసియున్న వెనేడియమ్ వంటి మూలకములు ఆ చారలకు తోడ్పడెనని ఇరువదవ శతాబ్ది చివరి దశకములలో జరిగిన పరిశోధనలు తెల్పినవి. గని మారినచో చారలు మాయమగును. కమ్మరి చేయి మారినను మాయమగును. ఆ విద్య ఎఱిగిన చేతులు పని మానుకొనినంతనే, రాజుల ధనముతో కూడ అట్టి కత్తి దొరకలేదు.

మిథ్రిల్ కథలోను ఇదియే కలదు. పాత కవచములు మిగిలినవి గాని, కొత్తగా చేయువారు అరుదైపోయిరి.

మోరియా పతనము

గాండాల్ఫ్ చెప్పిన దానినిబట్టి మిథ్రిల్ దొరకు గని లోకమున ఒక్కటే. అది మోరియా, మరుగుజ్జుల భాషలో ఖజాద్-దూమ్. పొగమంచు కొండల క్రింద తరతరములు శ్రమించి రాతిని తొలిచి వారు నిర్మించుకొన్న మహానగరమది. బంగారము, రత్నములు, ఇనుము అచట లేకపోలేదు. కాని అవి ఇతర దేశములతో వర్తకము చేసియు పొందదగినవే. మోరియాను మోరియాగా నిలిపినది మిథ్రిల్. దాని వెల పూర్వము బంగారమునకు పదిరెట్లు. కథ జరుగునాటికి అది వెలకట్టరానిదయ్యెను. ఏలయన, గని మూతపడెను. పైకి వచ్చిన లోహములో చాల భాగము శత్రురాజైన సౌరాన్ బొక్కసమునకు కప్పముగా పోయెను.

గని ఏల మూతపడెను? లోహపు పాయ ఉత్తరముగా కారాధ్రాస్ శిఖరము వైపునకు సాగి, పోను పోను చీకటి లోతులలోనికి దిగినది. మరుగుజ్జులు దానిని వెన్నంటి దిగిరి. తృతీయయుగము 1980వ సంవత్సరమున ఆ లోతులలో ప్రాచీనకాలమునుండి దాగియున్న బాల్‌రోగ్ అను అగ్నిభూతము వారి త్రవ్వకముచే మేల్కొనెను. రాజైన ఆఱవ దురిన్ దానిచే హతుడయ్యెను. మరుసటి ఏట అతని కుమారుడు నాయిన్ కూడ మరణించెను. మిగిలినవారు నగరము విడిచి పారిపోయిరి. ఇంచుమించు వేయి సంవత్సరముల పిదప, 2989లో బాలిన్ అను మరుగుజ్జు నాయకుడు కొందరిని వెంటబెట్టుకొని పూర్వవైభవమును మరల నెలకొల్ప వచ్చెను. ఐదేండ్లలో అందరును నశించిరి. 3019లో కథానాయకులు ఆ చీకటి నగరము గుండా పోవునపుడు బాలిన్ సమాధియు, చినిగి కాలిన ఒక దినచర్య గ్రంథమును మాత్రమే వారికి కనబడెను.

టోల్కీన్ ఇందు దోషమును లోహముపై మోపలేదు. మరుగుజ్జులను దుర్మార్గులుగాను చిత్రింపలేదు. వారు ధీరులు, శ్రమజీవులు, కళాకోవిదులు. వారి సంపదకు ఏది పునాదియో, అదియే వారి పతనమునకును కారణమయ్యెను. నిన్న త్రవ్విన లోతు నిన్నటికి చాలినది. నేడు ఇంకొక అడుగు. ఆ ఇంకొక అడుగే వారిని ముంచినది.

ఇది కల్పన గదా యని కొట్టివేయుటకు వీలులేదు. ఆంధ్రదేశపు పొలిమేరకు చేరువలో, కర్ణాటకమందలి కోలారు బంగారు గనులను తలచుకొనుడు. 19వ శతాబ్ది చివర అచ్చట యంత్రముల సాయముతో త్రవ్వకములు సాగెను. 1902లో శివసముద్రము జలపాతమునుండి విద్యుచ్ఛక్తి వచ్చెను. త్రవ్వకము మూడు కిలోమీటర్లను మించిన లోతునకు చేరి, ప్రపంచమందలి మిక్కిలి లోతైన గనులలో ఒకటిగా పేరొందెను. లోతు పెరిగిన కొలది వేడిమి పెరిగెను. పైనున్న రాతి ఒత్తిడికి బండలు హఠాత్తుగా పగిలి చిమ్ము ప్రమాదములును సంభవించెను. రాతిలోని బంగారము పాలు తగ్గెను. తుదకు, తీయు ఖర్చు తీసిన బంగారపు వెలను మించెను. 2001 ఫిబ్రవరి 28వ తేదీన ఆ గనులు మూతపడెను. తరతరములుగా ఆ గనులనే నమ్ముకొన్న కార్మిక కుటుంబములకు జీవనాధారము పోయెను. సయనైడుతో శుద్ధి చేయగా మిగిలిన మట్టిదిబ్బలు కొండలవలె ఆ పట్టణమున నిలిచియున్నవి. అచ్చట అగ్నిభూతమేదియు లేచి రాలేదు. రావలసిన అవసరమును లేకపోయెను.

అంగీ క్రింద ఒక దేశము

గని కథ ఇట్లుండగా, అందుండి వచ్చిన ఒక చిన్న కవచపు కథ వేఱొకటి కలదు. ఎన్నడో ఒక ఎల్ఫ్ రాకుమారుని కొఱకు మిథ్రిల్ కడియలతో అల్లిన కవచమది. మరుగుజ్జుల నాయకుడు థోరిన్ దానిని బిల్బోకు బహూకరించెను. బిల్బో హాబిట్ జాతివాడు. వారు మనుష్యునిలో సగమెత్తు గల సాధుజనులు, విందులయందును తోటపనియందును ఆసక్తులు. పనికిరాకున్నను పారవేయుటకు మనసొప్పని వస్తువును వారు 'మాథమ్' అందురు. బిల్బో ఇంటికి చేరిన పిదప ఆ కవచమును ఊరి మాథమ్ ప్రదర్శనశాలకు ఇచ్చెను. అది అచ్చట దుమ్ము పట్టుచు పడియుండెను. దాని వెల బిల్బో నివసించు షైర్ దేశమంతటి వెలను, అందలి సమస్త వస్తువుల వెలను మించినదని గాండాల్ఫునకు తెలియును. కాని అతడా సంగతి బిల్బోకు చెప్పలేదు.

తరువాత బిల్బో దానిని మరల తెచ్చుకొని, తాను పెంచుకొన్న బంధువు ఫ్రోడోకు, అతడు ప్రాణాపాయకరమైన ప్రయాణమునకు బయలుదేరునపుడు, ఒంటరిగా పిలిచి ఇచ్చెను. పై అంగీ క్రింద దానిని ఎవరికిని కనబడకుండ ధరింపుమనెను. తాను ఒక దేశపు వెలను ఒంటిపై మోయుచున్నానని మోరియాలో గాండాల్ఫ్ మాటలవలన తెలిసినప్పుడు ఫ్రోడో దిగ్భ్రాంతుడయ్యెను.

ఆ మోరియాలోనే ఓర్క్ నాయకుని బల్లెము ఫ్రోడోను గోడకు నొక్కిపెట్టెను. అందరును అతడు మరణించెననియే తలచిరి. అతడు బ్రతికెను. ఇచ్చట రచయిత జాగ్రత్తను గమనింపుడు. బల్లెపు మొన కవచమును చీల్చలేదు. కాని ఆ దెబ్బకు అతని ఱొమ్ము నల్లగా కమిలిపోయెను. లోపలి తోలుచొక్కాను దాటి కడియలు మాంసమున నాటుకొనెను. కవచము మొనను ఆపగలదు గాని, దెబ్బ వేగమును మాయము చేయలేదు. భౌతికశాస్త్రోపాధ్యాయుడు మెచ్చదగిన మాయ యిది!

ముందు కథ ఇంకను ఆలోచింపదగినది. ఫ్రోడో శత్రువులకు చిక్కెను. వారు అతని దుస్తులను విప్పి కవచమును చూచిరి. అది నాకు కావలెనని ఒక నాయకుడు, దానిని ప్రభువునకు పంపవలెనని మరియొక నాయకుడు కలహించిరి. ఆ కలహమున రెండు దండులును ఒకరినొకరు నఱకుకొని దాదాపు నశించిరి. అందువలననే ఫ్రోడో సేవకుడు సామ్ ఒంటరిగా ఆ కోటలో ప్రవేశించి యజమానిని విడిపింపగలిగెను. కవచమును ధరించినప్పుడు అది ఫ్రోడోను ఒకమారు కాపాడెను. పోగొట్టుకొన్నప్పుడు ఇంకొకమారు కాపాడెను. కథ చివర స్వదేశమునకు తిరిగివచ్చిన ఫ్రోడోను సారుమాన్ అను పతితుడైన మాంత్రికుడు కత్తితో పొడువగా, ఆ కత్తి కవచమునకు తగిలి విఱిగెను. ఫ్రోడో అతనిని చంపనీయలేదు.

స్యమంతకమును మరల స్మరింపుడు. దానిని మెడలో ధరించి వేటకు పోయిన ప్రసేనుని సింహము చంపెను. సింహమును జాంబవంతుడు చంపెను. మణి నపహరించెనను నింద శ్రీకృష్ణునిపై పడెను. తరువాత దానికొఱకే శతధన్వుడు సత్రాజిత్తును నిద్రలో వధించెను. ఇన్ని మరణముల నడుమ, గుహలో పోరాడి మణిని సాధించి తెచ్చిన కృష్ణుడు దానిని తన యొద్ద నుంచుకొనక సత్రాజిత్తునకే ఇచ్చివేసెను. భిన్నకాలములందు, భిన్నదేశములందు పుట్టిన ఈ రెండు కథలును ఒకే పరీక్ష పెట్టుచున్నవి. వస్తువును విడువగలిగినవాడే దానిని పొందుటకు అర్హుడు.

సిల్వరు గిన్నె చెప్పు పాఠము

ధరను గూర్చియు ఒక మాట. 1855లో పారిస్ నగరపు ప్రదర్శనమున అల్యూమినియమ్ కడ్డీలను అపురూప వస్తువులుగా చూపిరి. 1884 డిసెంబరులో అమెరికా రాజధాని యందలి వాషింగ్టన్ స్మారకస్తంభపు శిఖరాగ్రమున 100 ఔన్సుల అల్యూమినియమ్ ముక్కను గౌరవముతో నిలిపిరి. నాడు దాని వెల దాదాపు వెండి వెలతో సమానము. రెండేండ్లకే, 1886లో, అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూల్ వేర్వేరుగా విద్యుత్తుతో దానిని చౌకగా వేఱుచేయు మార్గమును కనుగొనిరి. భూమి పైపొరలో అన్ని లోహములకన్న ఎక్కువగా నున్నది అల్యూమినియమే. నేడు మన పల్లెలలో అది సత్తు గిన్నె, సిల్వరు గిన్నె. వెండి పేరు మిగిలినది గాని వెండి వెల మిగులలేదు.

మిథ్రిల్ గని మూతపడుటచే దుర్లభమయ్యెను. అల్యూమినియమ్ జ్ఞానము పెరుగుటచే సులభమయ్యెను. విలువ వస్తువులో నున్నదా, కొఱతలో నున్నదా, ఉపయోగములో నున్నదా అను అర్థశాస్త్రపు ప్రశ్నను పదవ తరగతి విద్యార్థికి తెలియజెప్పుటకు ఈ రెండు లోహముల కథలకన్న తగిన సాధనము అరుదు.

తరగతి గదిలో మిథ్రిల్

1939లో టోల్కీన్ స్కాట్లండునందలి సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయమున అద్భుతకథలను గూర్చి ఉపన్యసించెను. కల్పిత లోకమునకును తన నియమములు తనకుండవలెననియు, అవి చెదరినచో పాఠకుని విశ్వాసము చెదరుననియు అతని సిద్ధాంతము. రాయి, కొయ్య, ఇనుము, చెట్టు, నిప్పు వంటి సామాన్య వస్తువుల మహిమను తాను అద్భుతకథల వలననే మొదట గుర్తించితినని కూడ అతడు చెప్పెను. లేని లోహమును గూర్చి చదివినవాడు ఉన్న ఇనుమును కొత్త కన్నులతో చూచునని దీని భావము.

తరువాత వచ్చిన ఎన్నో కథలు, చిత్రకథలు, ఆటలు ఇట్టి లోహములను సృష్టించినవి. 1966లో అమెరికా చిత్రకథలలో పుట్టిన వైబ్రేనియమ్‌ను చలనచిత్రముల వలన నేటి పిల్లలందరును ఎఱుగుదురు. కాని పెక్కు అనుకరణములలో మెఱపు మిగిలినది గాని గని మిగులలేదు. కవచమును తీసికొని, దానిని త్రవ్వినవారిని వదలివేసిరి. టోల్కీన్ గొప్పతనము ఆ వదలివేసిన భాగమునందే యున్నది.

ఉపాధ్యాయులు ఒక చిన్న అభ్యాసమును ఈయవచ్చును. ప్రతి విద్యార్థియు ఒక కొత్త ఖనిజమును ఊహింపవలెను. దాని సాంద్రత యెంత? అది నీటితోను, గాలితోను, ఆమ్లముతోను ఎట్లు వర్తించును? ఏ రాతిలో దొరకును? దానిని ఎవరు త్రవ్వుదురు, ఎవరు కొందురు? త్రవ్విన చోట నివసించువారికి ఏమి మిగులును? మొదటి మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసినవాడు శాస్త్రము నేర్చుకొనును. చివరి రెండు ప్రశ్నలకును వ్రాసినవాడు చరిత్రను, నీతిని కూడ నేర్చుకొనును. ఆ చివరి ప్రశ్న వద్ద అతని కలము కొంతసేపు ఆగినచో, కట్టుకథ తన పని చేసినదనియే తలంపవచ్చును.

భూమి తన గర్భమున ఏమేమి దాచుకొన్నదో చెప్పుటకు శాస్త్రము చాలును. ఎంత లోతునకు దిగిన పిదప ఆగవలెనో చెప్పుటకు ఒక్క శాస్త్రమే చాలదు. ఆ మాట చెప్పుటకు పూర్వము మనకు ఒక మణి కథ పుట్టినది; ఇంగ్లండులో ఒక లోహపు కథ పుట్టినది. రెండింటిని వినిన పిల్లలు రేపు గనులను త్రవ్వు ఇంజనీర్లు, వానికి అనుమతులిచ్చు అధికారులు కానున్నారు. మోరియా పేరు వారికి అప్పుడు గుర్తుండుట మేలు.